బాలి గుళ్లలో దేవుడేడీ? ఖాళీ కుర్చీకి దండం పెట్టుకుని వచ్చాం

కాకినాడ_కాజా
ఇంటిల్లిపాదీ బాలి వెళ్లొచ్చాం. సముద్రం, జలపాతాలు, కొండలు అన్నీ బాగున్నాయి, వాటికి వంక పెట్టను. నా గోల గుళ్ల గురించి. "వెయ్యి గుళ్ల దీవి సార్, హిందువుల దీవి సార్" అని ట్రావెల్ ఏజెంటు ఊదరగొట్టేసరికి మా అమ్మ పట్టుచీర, కర్పూరం, కొబ్బరికాయ సర్దుకుని మరీ బయల్దేరింది. తీరా చూస్తే ఏ గుడిలోనూ మూలవిరాట్టు లేదు. ఎత్తుగా ఒక రాతి సింహాసనం, దానిమీద ఎవరూ లేరు. లోపలి ప్రాకారం తలుపు వేసి "పూజకు వచ్చినవారికి మాత్రమే" అని బోర్డు. మేమూ పూజకే వచ్చాం నాయనా అంటే, గేటు దగ్గరతను నవ్వి, నడుముకి పసుపు గుడ్డ కట్టి, ఫోటో ఎక్కడ బాగా వస్తుందో చూపించాడు. అర్చన లేదు, హారతి లేదు, శఠగోపం లేదు. చివరికి అమ్మ కొబ్బరికాయ హోటల్లోనే కొట్టుకుంది. ఇవి గుళ్లా, ఫోటో స్టూడియోలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బద్వేలు_బుల్లోడు
హోటల్లో కొబ్బరికాయ దేనికేసి కొట్టారు? ముందు అది చెప్పండి.

కాకినాడ_కాజా
బాల్కనీ మెట్టుకి. బిల్లులో ఏమీ వెయ్యలేదు, బతికించారు.

సనూరు_శీను
కాజా గారూ, మీరు వెళ్లిన రోజు దేవుళ్లు ఊళ్లో లేరు. వెటకారం కాదు, ఇక్కడి లెక్కే అది. నేను ఉద్యోగరీత్యా దెన్‌పసర్ పక్కన సనూరులో ఉంటున్నా, కాబట్టి కాస్త చెప్పగలను.

ఇక్కడ గుడి అంటే దేవుడు కాపురం ఉండే ఇల్లు కాదు, వచ్చినప్పుడు దిగే విడిది. మామూలు రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. ప్రతి గుడికీ ఒదాలన్ అని వార్షికోత్సవం ఉంటుంది. అదీ ఏడాదికి కాదు, ఎక్కువ గుళ్లలో 210 రోజులకోసారి. ఆ రోజు దేవతల్ని, పితృదేవతల్ని పైనుంచి పిలుస్తారు. ఆ మూడు నాలుగు రోజులూ వాళ్లకి నైవేద్యాలు, గమెలాన్ వాయిద్యాలు, నాట్యాలు. అయ్యాక సాగనంపుతారు. మనం వినాయకచవితికి ఆవాహన చేసి ఉద్వాసన చెప్పినట్టు, ఇక్కడ గుడి మొత్తానికీ చేస్తారు. విగ్రహాలు అసలు లేవనీ కాదు. ప్రతిమ అనే చిన్న చిన్న మూర్తులు ఉంటాయి. గర్భగుడిలాంటి చిన్న గదుల్లో తాళం వేసి దాస్తారు, ఉత్సవానికి మాత్రమే బయటికి తీసి, తలమీద పెట్టుకుని ఊరేగిస్తారు.

మీరు చూసిన రాతి సింహాసనం పేరు పద్మాసన. దాని అడుగున చూశారా? పెద్ద తాబేలు, దాన్ని చుట్టుకుని పాములు ఉంటాయి. పైన ఖాళీ వదలడం శిల్పి బద్ధకం కాదు, పరమాత్మకి రూపం లేదని. ఈ పద్ధతి 16వ శతాబ్దంలో జావా నుంచి వచ్చిన నిరర్థ అనే పురోహితుడు పెట్టాడని ఇక్కడివాళ్లు చెబుతారు.

మామిడితాండ్ర
అంటే మంచి సీజన్ చూసుకుని వెళ్లడం కాదు, దేవుడి సీజన్ చూసుకుని వెళ్లాలన్నమాట.

విశాలాక్షి_లెక్కలు
శీను గారు 210 అన్నారు కదా, ఆ లెక్క సరదాగా ఉంటుంది. ఏడురోజుల వారాలు ముప్ఫై, మొత్తం 210. కానీ ఏడురోజుల వారం ఒక్కటే కాదు. ఒక రోజు వారం నుంచి పది రోజుల వారం దాకా పది రకాల వారాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. మూడురోజుల వారం, ఐదురోజుల వారం, ఏడురోజుల వారం ఎక్కడ కలుస్తున్నాయో చూసి మంచిరోజు తేలుస్తారు. ఇది కాక అమావాస్య, పౌర్ణమిలతో నడిచే శక పంచాంగం వేరే ఉంది. నేనక్కడ గోడ క్యాలెండర్ కొని తెచ్చా. ఒక్కో గడిలో అంత చిన్న అక్షరాలతో అంత సమాచారం ఉంది, మన గంటల పంచాంగం దాని ముందు పిల్లల ఎక్కాల పుస్తకం.

గలుంగన్ అనే పెద్ద పండుగ కూడా ఈ 210 లెక్కలోదే. ఎప్పుడూ బుధవారమే వస్తుంది. పది రోజులకి శనివారం కునింగన్. ఆ రోజుల్లో వెళితే ప్రతి ఇంటి ముందూ పెంజోర్ కనిపిస్తుంది. పొడుగాటి వెదురుగడ, చివర బరువుకి రోడ్డు మీదకి వంగి ఉంటుంది. దానికి కొబ్బరాకుల అల్లికలు, వరికంకులు, పళ్లు కడతారు.

ధర్మరక్షక్_108
ఏమన్నా అనండి, అసలైన హిందువులంటే వాళ్లే. మనం మర్చిపోయినవన్నీ వాళ్లు కాపాడుతున్నారు. మన ఆంధ్ర తీరం నుంచి వెళ్లిన ఓడలే ఆ దీవికి ధర్మాన్ని మోసుకెళ్లాయి.

నాస్తికనాగరాజు
పంది మాంసం నైవేద్యం పెట్టేది కూడా మనం మర్చిపోయినవాటిలోదేనా రక్షక్ గారూ?

ధర్మరక్షక్_108
ఆచారాలు దేశకాలాలను బట్టి మారతాయి.

నాస్తికనాగరాజు
ఈ మాట మొన్న పక్క చర్చలో చెప్పి ఉంటే నాతో పేజీలకి పేజీలు పోట్లాట తప్పేది కదండీ.

పాతరాతిపిచ్చి
ఓడల సంగతి. పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు, అంత సూటిగానూ లేదు. బాలి ఉత్తర తీరంలో సెంబిరాన్ దగ్గర తవ్వితే రెండు వేల ఏళ్ల నాటి భారతీయ మట్టిపాత్రల పెంకులు దొరికాయి. మన తూర్పు తీరపు రేవుల్లో దొరికే రకమే. కాబట్టి వ్యాపారం నడిచింది, అనుమానం లేదు. కానీ ఇవాళ అక్కడ కనిపించే మతం చాలావరకు జావా మీదుగా వచ్చింది. జావాలోని మజపహిత్ రాజ్యం చితికిపోయాక అక్కడి పండితులు, రాజవంశీకులు, కళాకారులు బాలి చేరారు. దానికి ముందు కూడా ఏమీ లేదని కాదు. శీను గారుండే సనూరులోనే 914 నాటి బ్లాంజోంగ్ శిలాస్తంభం ఉంది. సంస్కృతం, పాత బాలీ భాష రెండూ చెక్కారు. రాజు పేరు శ్రీ కేసరి వర్మదేవ. ఈ కథలో సొంతంగా తెలుగువాడి వాటా ఎంత అని తేల్చేంత ఆధారం మాత్రం లేదు, ఆవేశపడొద్దు.

సనూరు_శీను
ఆ స్తంభం మా ఇంటికి దగ్గరే. అద్దాల గదిలో, చీర కట్టినట్టు గుడ్డ చుట్టి ఉంటుంది. పక్కనే జనం బళ్లు పార్కింగు చేసుకుంటారు.

పద్మ_కూకట్‌పల్లి
నాకు మండింది ఇంకోటి. ప్రతి గుడి గేటు మీదా "బహిష్టులో ఉన్న స్త్రీలు ప్రవేశించరాదు" అని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలు. మన దగ్గర అయితే ఎవరికి వాళ్లం మానేస్తాం, బోర్డు పెట్టి అందరి ముందూ అడగరు. మా గైడు మగపిల్లాడు, "మేడమ్, ఓకేనా?" అని బస్సులో అందరి ముందూ అడిగాడు. మా అత్తగారి మొహం చూడాలి.

కాకినాడ_కాజా
మా గైడూ అడిగాడు. మా నాన్న ఏమర్థం చేసుకున్నాడో "ఓకే ఓకే" అనేశాడు.

సనూరు_శీను
పద్మ గారూ, ఆ నియమం ఆడవాళ్లకి మాత్రమే కాదు. ఇంట్లో చావు జరిగితే ఆ కుటుంబం మొత్తానికీ కొన్నాళ్లు గుడి లేదు. ఒంటిమీద రక్తం కారే గాయం ఉన్న మగాడినీ రానివ్వరు. నేల మీద రక్తం పడకూడదన్నది మూలం. నచ్చమని చెప్పను, సంగతి ఇదీ అని చెబుతున్నా.

పద్మ_కూకట్‌పల్లి
గాయమైన మగాడి బోర్డు నాకెక్కడా కనపడలేదు మరి.

గోదారిగట్టు
రక్తం పడకూడదా? మరి గుడి ముందు కోడిపందేలు ఎందుకు వేస్తారు శీనన్నా? మేం ఒక ఊళ్లో కళ్లారా చూశాం. మా భీమవరం సంక్రాంతి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

సనూరు_శీను
హహ. అదే తమాషా. దాన్ని తబుహ్ రహ్ అంటారు. లోపలి ప్రాకారంలో కాదు, బయట. భూతగణాలు శాంతించాలంటే నేల మీద రక్తం చిందాలని, పెద్ద పూజలకి ముందు మూడు పందేలు వేస్తారు. జూదం మీద దేశమంతటా 1981 నుంచి నిషేధం ఉంది. కాబట్టి చట్టం ప్రకారం మూడు పందేలు పూజ.

గోదారిగట్టు
నాలుగో పందెం నుంచి భీమవరం. అర్థమైంది. సంప్రదాయం పేరు చెప్పి ఇద్దరం ఒకే దారిలో నడుస్తున్నాం.

అడ్మిన్
పందేల మీద, కత్తుల రకాల మీద వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. దానికి వేరే విభాగం కూడా లేదు, వెతక్కండి.

నీరటి_మనవడు
అందరూ గుళ్ల గోపురాల దగ్గరే ఆగిపోయారు. నాకైతే బాలిలో అసలు గుడి పొలాల్లో కనిపించింది. మా తాత ఊరికి నీరటి. తూము ఎప్పుడు లేపాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలి అన్నీ ఆయనే చూసేవాడు. అందుకే జతిలువి మెట్ల పొలాల్లో నడుస్తుంటే నా కళ్లు పచ్చదనం కన్నా కాల్వల మీదే ఉన్నాయి.

అక్కడ కాల్వకి అడ్డంగా ఒక దుంగ వేసి ఉంటుంది. దుంగకి గాట్లు కోస్తారు. ఒక్కో గాటు వెడల్పు ఒక్కో వాటా. నీళ్లు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అదే నిష్పత్తిలో చీలిపోతాయి. వంగి చూశా. ఒక గాటు అంచున కొత్తగా చెక్కిన గుర్తు, పక్కనే నాచు పట్టిన పాత గాటు. అక్కడ ఎంత పంచాయితీ జరిగిందో నాకు చెప్పక్కర్లేదు. ఆ కాల్వ కింద రైతులందరూ కలిసి ఒక సంఘం, దాన్ని సుబక్ అంటారు. పెద్దని పెకసెహ్ అంటారు. కాల్వ చీలే చోట చిన్న గుడి, ఇంకా పైన పెద్ద గుడి, అన్నిటికన్నా పైన బతూర్ సరస్సు దేవతకి ఉలున్ దను బతూర్ అనే గుడి. దేవి దను అంటే సరస్సు తల్లి. ఎవరు ఎప్పుడు నాటాలి, ఎప్పుడు బీడు పెట్టాలి అన్నది ఈ గుళ్ల పూజల తేదీలతో ముడిపడి ఉంటుంది.

1970లలో ప్రభుత్వం హరిత విప్లవం అని కొత్త వంగడాలు, మందులు, ఎరువులు ఇచ్చి, గుడి తేదీలు చూడకుండా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు నాటేయండి అంది. మొదట బస్తాలు పెరిగాయి. తర్వాత సుడిదోమ, తుంగ్రో తెగులు. ఎందుకంటే ముందంతా ఒక లోయ మొత్తం ఒకేసారి కోసి, ఒకేసారి బీడు పెట్టేది. పురుగుకి తిండి, ఇల్లు రెండూ ఉండేవి కావు. ఇప్పుడు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పచ్చగానే ఉంటుంది, పురుగు ఈ మడి నుంచి ఆ మడికి మారుతుంటుంది. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త కంప్యూటర్లో లోయ నమూనా కట్టి, గుళ్లు పెట్టిన తేదీలే దిగుబడికి మంచివని చూపించాడు. 2012లో యునెస్కో ఈ సుబక్ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది.

నాస్తికనాగరాజు
చాలా మంచి పోస్టు. కానీ ఇందులో పని చేసింది దేవత కాదు, సామూహిక నిర్ణయం. అదే తేదీలు ఆయకట్టు కమిటీ పెట్టినా పురుగు చస్తుంది.

నీరటి_మనవడు
కమిటీ పెడితే పురుగు చస్తుంది, నిజమే. కమిటీ మాట ఎవడు వింటాడు? మా ఆయకట్టు కమిటీలో మీటింగుకి వచ్చేది చాయ్ కోసం. ఇంకో మాట. పైమడి వాడికి నీళ్ల బాధ లేదు, కిందివాడి మాట వినాల్సిన పనేముంది? చివరి ఆయకట్టు వాడికి నీళ్లే బాధ. కానీ కిందివాడు నీళ్లందక ఆలస్యంగా నాటితే, అక్కడ పెరిగిన పురుగు పైవాడి మీదికే వస్తుంది. అందుకని పైవాడు కూడా దిగొస్తాడు. పురుగు భయం ఒకడికి, ఎండే భయం ఒకడికి. ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టడానికి గుడి పనికొచ్చింది.

మామిడితాండ్ర
ఈ మధ్య ఆ మడుల్లో విల్లాలు మొలుస్తున్నాయి కదా. వాటికి ఏ తెగులూ పట్టట్లేదు.

సనూరు_శీను
అదే అసలు దెబ్బ. పై మడి అమ్మితే మధ్యలో కాల్వ తెగుతుంది, కిందివాడు గతిలేక అమ్ముతాడు. తర్వాత "పొలాల వ్యూ" అని గది అద్దెకిస్తారు. ఆ వ్యూలోనూ మర్నాడు ఇంకో విల్లా లేస్తుంది.

పాతరాతిపిచ్చి
కాజా గారి ఫోటో స్టూడియో మాటకి వస్తా. లెంపుయాంగ్ గుడి ద్వారం ఫోటో చూసి ఉంటారు. రెండుగా చీలిన గోపురం, మధ్యలో ఆగుంగ్ పర్వతం, కింద చెరువులో ప్రతిబింబం. అక్కడ చెరువు లేదు. ఫోన్ కెమెరా కింద చిన్న అద్దం పెట్టి తీస్తారు. టోకెను తీసుకుని గంటలు గంటలు కూర్చుని, గెంతుతున్నట్టు ఒకటి, చేతులు చాచి ఒకటి తీయించుకుని వచ్చేస్తారు. అసలు గుడి ఆ పైన కొండెక్కితే ఉంటుంది, వందల కొద్దీ మెట్లు. ఫోటో క్యూలో ఉన్నవాళ్లలో అటు వెళ్లినవాళ్లు నాకు కనపడలేదు.

ఆ చీలిన ద్వారం దాటాక లోపలి గుమ్మం పైన కోరలతో, గుడ్లురిమే మొహం ఉంటుంది చూశారా? పేరు భోమ. విష్ణువుకీ భూదేవికీ పుట్టినవాడు. అంటే మన నరకాసురుడే. మనం దీపావళికి దిష్టిబొమ్మ కట్టి కాల్చేవాణ్ణి, వాళ్లు గుడికి కాపలా పెట్టుకున్నారు.

బద్వేలు_బుల్లోడు
సత్యభామకి తెలుసా ఈ సంగతి?

కాకినాడ_కాజా
భోమ మొహం దగ్గర మా తమ్ముడు సెల్ఫీ దిగాడు. ఎవరో తెలియక.
శీను గారూ, గుడిలో లేకపోతే మరి వాళ్ల భక్తి ఎక్కడుంది? రోడ్డంతా చిన్న చిన్న ఆకు దొప్పలు మాత్రం తొక్కకుండా నడవలేకపోయాం.

సనూరు_శీను
ఆ దొప్పల్లోనే ఉంది. వాటిని చనంగ్ సారి అంటారు. మా ఇంటి ఓనరమ్మ రోజూ పొద్దున్నే చేస్తుంది, చూస్తుంటాను. లేత కొబ్బరాకు చీల్చి, అరచేతంత చదరపు దొప్పగా మడిచి వెదురుపుల్లతో గుచ్చుతుంది. హడావిడిగా ఉంటే స్టేప్లర్ కొడుతుంది. అడుగున తమలపాకు, వక్క, సున్నం చిన్న మడతగా పెట్టాలి, అది లేకపోతే దొప్ప పూర్తి కాదట. దానిమీద పూలు దిక్కుల ప్రకారం: తూర్పున తెలుపు ఈశ్వరుడికి, దక్షిణాన ఎరుపు బ్రహ్మకి, పడమర పసుపు మహాదేవుడికి, ఉత్తరాన నీలమో ఆకుపచ్చో విష్ణువుకి. పైన తురిమిన మొగలాకు, ఒక బిస్కెట్టు, ఒక్కోసారి చిల్లర నోటు, సిగరెట్టు కూడా. అగరొత్తి వెలిగించి, పువ్వుతో మూడుసార్లు నీళ్లు చిలకరించి, చేత్తో పొగని పైకి తోలుతుంది. ఇంటి గుళ్లో ఒకటి, గేటు ముందు నేల మీద ఒకటి, స్కూటీ మీద ఒకటి. ఆమె లేచి వెనక్కి తిరిగేలోపు వీధికుక్క బిస్కెట్టు తినేస్తుంది. ఆమె పట్టించుకోదు. అర్పించడంతోనే పనైపోయింది, తర్వాత ఎవరు తిన్నా ఒకటే.

వంట అయ్యాక ఎవరూ ముద్ద నోట్లో పెట్టకముందే చిటికెడు చిటికెడు అన్నం అరిటాకు ముక్కల మీద పెట్టి పొయ్యికి, నీళ్లకి, గుమ్మానికి ఇస్తుంది. మీ అమ్మగారికి ఈసారి గుడి కాదు, ఎవరిదైనా ఇంటి పెరడు చూపించండి. ప్రతి ఇంటికీ ఈశాన్యంలో, కొండవైపు, సొంత గుడి ఉంటుంది.

విశాలాక్షి_లెక్కలు
ఉత్సవం రోజు పూజలో కూర్చునే అవకాశం నాకు దొరికింది. ఉబుద్ దగ్గర మేమున్న ఇంటివాళ్లు సారంగ్ అనే లుంగీలాంటి గుడ్డ కట్టించి తీసుకెళ్లారు. వేళ్ల మధ్య పువ్వు పట్టుకుని నుదుటి పైకెత్తి దండం పెడతారు, ఒక్కో దండానికి ఒక్కో పువ్వు మారుతుంది. తర్వాత తెల్లబట్టల పెమంగ్కు, అంటే గుడి పూజారి, తీర్థం ఇస్తాడు, తడి బియ్యం ఇస్తాడు. నుదుటికి, గొంతు కింద అద్దుకుని, నాలుగు గింజలు మింగాలి. మన అక్షింతలే అనుకుని నేను అలవాటుగా తలమీద చల్లుకున్నా. పక్కనున్న ముసలమ్మ నవ్వుతూ నా జుట్టులోంచి ఏరి నుదుటికి అంటించింది. లౌడ్‌స్పీకర్లో గాయత్రి వచ్చినప్పుడు మాత్రం వాళ్లే ఆశ్చర్యపోయారు, నాకెలా వచ్చని.

కాజా గారి అమ్మగారికి తీర్థం కావాలంటే తీర్థ ఎంపుల్ కూడా ఉంది. శాసనం ప్రకారం 962లో కట్టిన ఊటకోనేరు. వరసగా ధారల కింద తలపెట్టి స్నానం చేయొచ్చు, మనల్నీ దిగనిస్తారు. వరసలో కొన్ని ధారలు మాత్రం చనిపోయినవాళ్ల కర్మలవి, అవి వదిలేయాలి.

నాస్తికనాగరాజు
బెసాకిహ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? దీవిలో అన్నిటికన్నా పెద్ద గుడి, ఆగుంగ్ అగ్నిపర్వతం ఒంటిమీదే. నూరేళ్లకోసారి చేసే ఏకాదశ రుద్ర పూజని 1963లో తలపెడితే, అది జరుగుతుండగానే పర్వతం బద్దలైంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు.

ధర్మరక్షక్_108
లావా గుడిని తాకకుండా పక్కనుంచి పోయింది. అది కూడా రాయండి.

నాస్తికనాగరాజు
గుడిని వదిలి ఊళ్ల మీదకి పోయింది. అది కూడా రాశాను.

పాతరాతిపిచ్చి
పూజ తేదీ సరిగ్గా పెట్టలేదని, అందుకే అలా అయిందని అప్పట్లో చాలామంది బాలివాళ్లే అనుకున్నారు. మళ్లీ 1979లో ఏకాదశ రుద్ర చేశారు. అక్కడ పర్వతాన్ని తప్పు పట్టినవాళ్లు లేరు.

చిత్తూరు_చింతపులుసు
చర్చ మధ్యలో దూరుతున్నా, అర్జంటు. 2026 మార్చి 19న దెన్‌పసర్‌లో దిగేలా ప్లాన్ వేస్తున్నాడు మా ఏజెంటు. "ఉగాది రోజు హిందూ దీవిలో దిగండి, శుభం" అంటున్నాడు. ఏమైనా ఇబ్బందా?

విశాలాక్షి_లెక్కలు
దిగలేరు. ఆ రోజు ఞెపి. వాళ్ల శక సంవత్సరాది. 2023లోనూ, 2026లోనూ మన ఉగాదీ అదీ ఒకే రోజు పడ్డాయి. ప్రతిసారీ పడవు, 2024లో అధికమాసం తేడా వల్ల వాళ్లది మార్చి 11, మనది ఏప్రిల్ 9. ఞెపి రోజు పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా విమానాశ్రయం మొత్తం మూసేస్తారు. నిప్పు వెలిగించకూడదు, పని చేయకూడదు, ప్రయాణం చేయకూడదు, వినోదం ఉండకూడదు. మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తారు.

చిత్తూరు_చింతపులుసు
ఏజెంటుకి ఫార్వర్డ్ చేశా. "కనుక్కుంటా సార్" అన్నాడు.

సనూరు_శీను
20కి మార్పించుకోకండి, 17కో ముందుకో మార్పించుకోండి. అంతకు ముందే మూడు నాలుగు రోజుల నుంచి ఊళ్లకి ఊళ్లు తెల్లబట్టలతో ప్రతిమల్ని మోసుకుని సముద్రానికి వెళతాయి. 18 సాయంత్రం ఓగొహ్-ఓగొహ్. వెదురు, కాగితంతో రెండంతస్తుల రాక్షసుల్ని కట్టి, కుర్రాళ్లు భుజాల మీద మోస్తూ నాలుగురోడ్ల కూడలిలో గిరగిరా తిప్పుతారు. మర్నాడు హోటల్ గేటు దాటకూడదు, పెచలంగ్ అని గళ్లపంచె కట్టిన ఊరి కాపలావాళ్లు తిరుగుతుంటారు. రాత్రి లైట్లుండవు కాబట్టి ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తాయి. హోటల్లో తిండి పెడతారు, ఆకలికి భయపడకండి.

గోదారిగట్టు
ఉగాది రోజు పొయ్యి వెలిగించకూడదంటే బొబ్బట్లు పోయినట్టే.

మామిడితాండ్ర
పచ్చడికి పొయ్యి అక్కర్లేదుగా.

చిత్తూరు_చింతపులుసు
వేపపువ్వు దొరుకుతుందా అక్కడ?

సనూరు_శీను
మా సనూరులో వేపచెట్లున్నాయి, ఇంతరన్ అంటారు. పువ్వు పూచిందో లేదో చూసి పెట్టే పూచీ నాది కాదు. మామిడికాయ, కొత్త బెల్లం మీరు తెచ్చుకోనక్కర్లేదు, ఇక్కడ తాటిబెల్లం, కొబ్బరిబెల్లం బాగుంటాయి. ఏజెంటు ఏమన్నాడో చెప్పండి.

చిత్తూరు_చింతపులుసు
"విమానాశ్రయం ఎక్కడైనా మూస్తారా సార్" అంటున్నాడు. వేరే ఏజెంటుని చూస్తున్నా.